కొత్తవాళ్లను గుమ్మం దాకా తెచ్చి అక్కడే ఆపేస్తున్న మ్యాక్ మినీ

2024 చివర్లో యాపిల్ తెచ్చిన చిన్న డెస్క్‌టాప్ కంప్యూటర్ ఎం4 మ్యాక్ మినీ (ఎం4 అన్నది అందులోని యాపిల్ సొంత చిప్) అమెరికాలో 599 డాలర్ల ధరతో మొదలైంది. ఆ ధరకి 16 జీబీ మెమరీ, 256 జీబీ స్టోరేజీ ఇచ్చారు. పొడవూ వెడల్పూ 12.7 సెంటీమీటర్లు, ఎత్తు 5 సెంటీమీటర్లు. వేగంలో, నిశ్శబ్దంలో దీనికి వంక పెట్టడానికి లేదు. బ్రౌజరు, ఆఫీసు పనులు, ఫొటోలు, 4కే వీడియో ఎడిటింగ్, కోడ్ కంపైలింగ్ అన్నీ ఇబ్బంది లేకుండా సాగిపోతాయి. యాపిల్ వరుసలో కొత్త కొనుగోలుదారుడి చేతికి అందే డెస్క్‌టాప్ ఇదే. అందుకే విండోస్ నుంచి మొదటిసారి వచ్చే మనిషి వైపు నుంచి దీన్ని చూడాలి. అలా చూస్తే ఈ యంత్రంలోని లోపాలతో పాటు, యాపిల్ వరుసలో దీని చుట్టూ ఉన్న ఖాళీలు కూడా బయటపడతాయి.

2005 జనవరిలో మొదటి మ్యాక్ మినీ 499 డాలర్లకు వచ్చినప్పుడు దాంతో కీబోర్డు, మౌస్, మానిటర్ ఇవ్వలేదు. పాత పీసీ తీసేసి, ఉన్న సామాన్లే దీనికి తగిలించుకోండి అన్నది ఆలోచన. ఇప్పటికీ అదే ఆలోచన. చిక్కేమిటంటే, పాత సామాన్లు దీనికి తగలవు. దీనికి ముందరి ఎం2 మినీలో పాత వెడల్పాటి యూఎస్‌బీ-ఏ పోర్టులు రెండు ఉండేవి, ఎం4లో ఒక్కటీ లేదు. ముందు రెండు, వెనక మూడు, మొత్తం ఐదూ చిన్నగా కోలగా ఉండే యూఎస్‌బీ-సీ ఆకారంలోనే ఉన్నాయి. ఇంట్లో ఉన్న వైరు కీబోర్డు, వైర్‌లెస్ మౌస్‌తో వచ్చే చిన్న రిసీవర్, పెన్‌డ్రైవ్, ప్రింటర్ కేబుల్ దాదాపు అన్నీ యూఎస్‌బీ-ఏవే. పెట్టె విప్పి ప్లగ్ పెట్టాక, మొదటి తెర మీద భాష ఎంచుకోవడానికే దారి ఉండదు. బ్లూటూత్ కీబోర్డు ఉంటే దాన్ని పెయిరింగ్ మోడ్‌లో పెట్టి మినీ దగ్గర ఉంచితే పట్టుకుంటుంది. లేకపోతే ఏ నుంచి సీకి మార్చే అడాప్టర్లు రెండు ముందే కొనిపెట్టుకోవాలి. ఇవి యాపిల్ డబ్బాలోనే వేసి ఇవ్వాల్సినవి. కొత్తవాళ్లను రమ్మని పిలిచే యంత్రంలో ఇంతకన్నా చవకైన మరమ్మతు ఇంకొకటి లేదు.

విండోస్ కీబోర్డు తగిలించాక ఆల్ట్, విండోస్ మీటలు తారుమారుగా పనిచేస్తాయి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్, అక్కడ కీబోర్డ్ షార్ట్‌కట్స్, దాని లోపల మాడిఫయర్ కీస్ తెరిచి, పైన సరైన కీబోర్డును ఎంచుకుని, ఆప్షన్‌ని కమాండ్‌గా, కమాండ్‌ని ఆప్షన్‌గా మార్చాలి. అప్పుడు స్పేస్ బార్ పక్క మీట కమాండ్ అవుతుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా నిరాశపడేది మానిటర్ దగ్గర. 27 అంగుళాల 1440పీ (2560×1440 పిక్సెళ్ల) మానిటర్‌లో అంగుళానికి సుమారు 109 పిక్సెళ్లు ఉంటాయి. విండోస్‌లో దాని మీద అక్షరాలు బాగానే కనిపిస్తాయి. ఎందుకంటే విండోస్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఉపపిక్సెళ్లను విడివిడిగా వాడి అక్షరం అంచులను నునుపు చేస్తుంది. మ్యాక్‌లను నడిపే మ్యాక్‌ఓఎస్ 2018లో మొజావే వెర్షన్‌తో ఈ పద్ధతిని వదిలేసింది. అందువల్ల అదే మానిటర్ మినీకి తగిలిస్తే అక్షరాలు పలచగా, గరుకుగా కనిపిస్తాయి. మానిటర్ పాడైందనో మినీలో లోపం ఉందనో అనుకుంటారు. రెండూ కావు, యాపిల్ తన డెస్క్‌టాప్ తెరలను అంగుళానికి 218 పిక్సెళ్ల చుట్టూ లెక్కగట్టుకుంది.

27 అంగుళాల 4కే (3840×2160 పిక్సెళ్ల) మానిటర్ అంగుళానికి 163 పిక్సెళ్లతో మధ్యలో పడుతుంది. దాన్ని 1920×1080గా కనిపించే స్థాయిలో పెడితే సరిగ్గా రెండింతల లెక్క కుదిరి అక్షరాలు పదునుగా ఉంటాయి గానీ, అన్నీ పెద్దవిగా కనిపిస్తాయి. 2560×1440గా కనిపించే స్థాయిలో పెడితే మ్యాక్ ముందు 5120×2880 బొమ్మ గీసి, దాన్ని 3840×2160కి కుదిస్తుంది. సైజు హాయిగా ఉంటుంది, అంచులు కొద్దిగా మెత్తబడతాయి. ఎం4కి ఈ అదనపు పని భారం కాదు. 24 అంగుళాల 4కే మానిటర్ అయితే రెండింతల లెక్కలోనే సైజు కూడా సరిపోతుంది, చవకలో మంచి జోడీ అదే. హెచ్‌డీఎంఐలో రంగులు వెలిసినట్టు కనిపిస్తే, మ్యాక్ ఆ మానిటర్‌ని టీవీగా లెక్కగట్టి రంగుల పరిధి తగ్గించి పంపుతోందని అనుమానించాలి. యూఎస్‌బీ-సీ నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి వెళ్లే కేబుల్‌తో చాలాసార్లు ఇది పోతుంది.

సరే, యాపిల్ తెరే కొందామంటే? 27 అంగుళాల స్టూడియో డిస్‌ప్లే 2022లో 1,599 డాలర్లకు వచ్చింది. మినీతో కలిపితే 2,198. అదే 5కే (5120×2880 పిక్సెళ్ల) తెరతో 2020 నాటి 27 అంగుళాల ఐమ్యాక్ 1,799 డాలర్లు, అందులో కంప్యూటరూ కీబోర్డూ మౌసూ కలిసే వచ్చేవి. 2022 మార్చిలో స్టూడియో డిస్‌ప్లే తెచ్చినప్పుడే ఆ ఐమ్యాక్‌ని ఆపేశారు. మిగిలింది 24 అంగుళాల ఐమ్యాక్, 1,299 డాలర్లు. పెద్ద తెర ఉన్న ఒకే యంత్రం కొనుక్కుని పని చేసుకోవాలనుకునే కుటుంబాలు, చిన్న ఆఫీసులు యాపిల్ దుకాణంలో ఖాళీ చేతులతో నిలబడే చోటు ఇదే. కెమెరా, ఆరు స్పీకర్లు తీసేసిన 27 అంగుళాల 5కే తెర ఒక్కటి మినీకి తగ్గ ధరలో తెచ్చినా ఈ ఖాళీ పూడుతుంది.

ఇక స్టోరేజీ. 256 నుంచి 512 జీబీకి 200 డాలర్లు, 1 టీబీకి 400, 2 టీబీకి 800. ఆఖరిది యంత్రం అసలు ధర కన్నా ఎక్కువ. 599కి 800 కలిపితే 1,399 అవుతుంది. ఎం4 ప్రో మినీ 24 జీబీ మెమరీ, 512 జీబీ స్టోరేజీతో మొదలయ్యేది కూడా సరిగ్గా అక్కడే. మెమరీ, ప్రధాన చిప్‌తో పాటే ఒకే ప్యాకేజీలో ఉంటుంది కాబట్టి తర్వాత పెంచలేకపోవడం అర్థం చేసుకోవచ్చు. స్టోరేజీ అలా కాదు, ఊడదీయగల విడి మాడ్యూల్ మీద ఉంది. కానీ దాని కంట్రోలర్ యాపిల్ చిప్‌లో ఉంటుంది, మాడ్యూల్ మీద ఉన్నవి ఫ్లాష్ చిప్‌లే. బజారులో దొరికే మామూలు ఎస్‌ఎస్‌డీ (ఎన్‌వీఎంఈ రకం స్టోరేజీ డ్రైవు) అందులో పనిచేయదు. మాడ్యూల్ మార్చినా డీఎఫ్‌యూ అనే రికవరీ మోడ్‌లో రీస్టోర్ చేయాలి, దానికి ఇంకో మ్యాక్ కావాలి. మొదటి మ్యాక్ కొన్నవాడికి రెండోది ఎక్కడిది?

కాబట్టి బయటి ఎస్‌ఎస్‌డీయే దారి. 10 గిగాబిట్ల యూఎస్‌బీ ఎన్‌క్లోజర్ (ఎస్‌ఎస్‌డీని పెట్టుకునే డబ్బా) సెకనుకు సుమారు 1,000 ఎంబీ ఇస్తుంది, ఫొటోలకూ పాటలకూ చాలు. వీడియో పనికి 40 గిగాబిట్ల యూఎస్‌బీ4 లేదా థండర్‌బోల్ట్ ఎన్‌క్లోజర్ తీసుకుని, ఆ వేగాన్ని అందుకునే వెనక పోర్టులకు తగిలించాలి, సెకనుకు సుమారు 3,000 ఎంబీ వస్తుంది. 20 గిగాబిట్లు అని రాసిన యూఎస్‌బీ 3.2 డ్రైవులకు డబ్బు పోయకండి. ఈ మినీ ఆ పద్ధతిని ఎరగదు, 10కి దిగిపోతుంది. విండోస్ పద్ధతిలో (ఎన్‌టీఎఫ్‌ఎస్) ఫార్మాట్ చేసిన డిస్క్‌ని మ్యాక్ చదువుతుంది గానీ రాయదు. ముందు ఫైళ్లు వేరే చోటికి తీసి, డిస్క్ యుటిలిటీలో షో ఆల్ డివైసెస్ పెట్టి, పై వరుసలోని డిస్క్‌నే ఎంచుకుని మ్యాక్ ఫార్మాట్ అయిన ఏపీఎఫ్‌ఎస్, జీయూఐడీ పార్టిషన్ మ్యాప్‌తో ఎరేజ్ చేయాలి. ఫొటోల లైబ్రరీ మార్చాలంటే ఫొటోస్ మూసి, పిక్చర్స్ ఫోల్డర్‌లోని లైబ్రరీని బయటి డిస్క్‌కి కాపీ చేసి, ఆప్షన్ మీట నొక్కి పట్టుకుని ఫొటోస్ తెరిచి కొత్త చోటు చూపించాలి. రెండు రోజులు వాడి అన్నీ ఉన్నాయని చూసుకున్నాకే పాతది తొలగించాలి.

ఇంత తతంగం లేకుండా, లోపల ఎస్‌ఎస్‌డీలు పెట్టుకునే రెండు మామూలు ఎం.2 స్లాట్లున్న పెట్టె ఒకటి యాపిల్ ఎందుకు చేయదు? సాంకేతికంగా అడ్డేమీ లేదు. 2023 నాటి పెద్ద టవర్ మ్యాక్ ప్రోలో, లోపలి స్లాట్‌లో బిగించే పీసీఐఈ కార్డు మీద మామూలు ఎన్‌వీఎంఈ పెడితే మ్యాక్‌ఓఎస్ చక్కగా వాడుకుంటుంది. కాకపోతే అది 6,999 డాలర్లకు వచ్చింది. అదే ఎం2 అల్ట్రా చిప్‌తో, స్లాట్లు లేని డెస్క్‌టాప్ మ్యాక్ స్టూడియో 3,999కి వచ్చింది. అంటే స్లాట్లు కావాలన్నవాడు అదనంగా 3,000 కట్టాడు, అయినా వాటిలో గ్రాఫిక్స్ కార్డు పనిచేయదు. ఎం4 ప్రో మినీకీ 1,999 డాలర్ల మ్యాక్ స్టూడియోకీ మధ్య, స్లాట్లున్న యంత్రానికి చోటుంది. ఫొటోగ్రాఫర్లు, సంగీతం రికార్డు చేసేవాళ్లు, సొంతంగా పీసీ బిగించుకునే అలవాటున్నవాళ్లు దాని కోసమే వస్తారు.

యాపిల్ ఈ మధ్య చోటులో ఒకసారి దెబ్బతింది. 2000లో వచ్చిన చిన్న మ్యాక్ జీ4 క్యూబ్ 1,799 డాలర్లు, స్లాట్లున్న పవర్ మ్యాక్ టవర్ దానికన్నా చవక. 2001 జులైలో క్యూబ్‌ని ఆపేశారు. చిన్నది, పెంచుకోలేనిది, పైగా ఖరీదైనది అయితే కొనేవాడికి కారణం మిగలదు. అలాగని మోడళ్లు ఊరికే పెంచడమూ మందు కాదు. 1997లో స్టీవ్ జాబ్స్ తిరిగి వచ్చేసరికి ఏ మ్యాక్ ఎవరికో చెప్పలేని గందరగోళం ఉండేది, ఆయన ఆ వరుసను నాలుగు గడులకు, అంటే నాలుగు రకాల యంత్రాలకు తగ్గించాడు. ఇప్పుడు కొత్తగా కావలసినవి రెండే గడులు: పెద్ద తెర, స్లాట్ల పెట్టె.

విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ మీద బతికేవాళ్లు ఆగి చూసుకోవాలి. ఇంటెల్ చిప్ మ్యాక్‌ల నాటి బూట్ క్యాంప్ (మ్యాక్ మీద నేరుగా విండోస్ నడిపే ఏర్పాటు) ఇందులో లేదు, ఆర్మ్ రకం చిప్‌ల కోసం చేసిన విండోస్‌ని ప్యారలల్స్ అనే సాఫ్ట్‌వేర్ లోపల నడపాలి. ప్రత్యేక డ్రైవర్లు కావలసిన పరికరాలు అందులో మొరాయించవచ్చు.

ఇప్పుడే కొంటుంటే 16 జీబీ, 256 జీబీ మోడల్ తీసుకుని, మిగిలిన డబ్బుతో 1 టీబీ బయటి ఎస్‌ఎస్‌డీ, రెండు అడాప్టర్లు, 24 అంగుళాల 4కే మానిటర్ కొనండి. వర్చువల్ మెషీన్లు (మ్యాక్ లోపలే విండోస్ లాంటి మరో సిస్టమ్) నడిపేవాళ్లు మాత్రం 200 డాలర్లు ఎక్కువ పెట్టి 24 జీబీ మెమరీ ఉన్నది తీసుకోవాలి, దాన్ని తర్వాత పెంచే వీలు లేదు.