మతిమరుపు పరీక్ష కాగితాలు: తిరుపతి ఇళ్లలో ఏది నిలుస్తుంది, ఏది బోల్తా కొడుతుంది

ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి చూసే నర్సుల సంచిలో ఇప్పుడు నాలుగైదు రకాల కాగితాలు ఉంటున్నాయి. ప్రతిదానికీ మార్కులు, ప్రతిదానికీ ఒక గీత. గీతకు అవతల పడితే అనుమానం. చిక్కేమిటంటే వీటిలో సగం బడికి వెళ్లిన వాళ్ల కోసం తయారైనవి. చంద్రగిరి పక్క పల్లెలో వేరుశనగ చేలల్లో బతుకు గడిపిన అవ్వకు ఆ గీత పనికిరాదు. మా మాట ముందే చెప్పేస్తాం: ఏ ఇంట్లోనైనా మొదట తీయాల్సింది 4ఏటీ, అంటే ఉన్నట్టుండి వచ్చిన అయోమయాన్ని పట్టే చిన్న పరీక్ష. తర్వాతిది ఆ మనిషి చదువును బట్టి.

ఎక్కువగా కనబడేది ఎంఎంఎస్ఈ (మినీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్). 1975 నాటిది, మొత్తం 30 మార్కులు, 24 కంటే తగ్గితే అనుమానమన్నది దాని పాత గీత. మార్కులు విడదీసి చూడండి. వందలోంచి ఏడేడు తీసేస్తూ పోవడానికి 5, రాసింది చదివి ఆ పని చేయడానికి 1, సొంతంగా వాక్యం రాయడానికి 1, ఒకదాని మీద ఒకటి పడిన రెండు పంచభుజాలను చూసి గీయడానికి 1. పలక పట్టని మనిషికి ఈ 8 మార్కులూ మొదటే గండం. మిగతావన్నీ తప్పు లేకుండా చెప్పినా 22 దగ్గర ఆగిపోతుంది. మతి నిక్షేపంగా ఉన్నామె కాగితం మీద రోగి అయిపోయిందన్నమాట. ‘ఏ అంతస్తులో ఉన్నాం?’ అన్న ప్రశ్న మరీ విడ్డూరం. ఒంటి మిద్దె ఇంట్లో అలా అడిగితే అవ్వ నర్సు మతినే శంకిస్తుంది. ఏడేడు తీసే లెక్కను చిల్లర లెక్కగా మార్చి అడిగే వాళ్లున్నారు. అడగొచ్చు, కానీ ప్రశ్న మారాక 24 అనే గీత చెల్లదు. పైగా ఈ కాగితానికి కాపీరైట్ ఉంది, జిరాక్స్ తీసి పంచుకునేది కాదు.

మోకా (మాంట్రియల్ కాగ్నిటివ్ అసెస్‌మెంట్) 2005లో వచ్చింది. దానికీ 30 మార్కులే, 26 నుంచి మామూలు. చదువు 12 ఏళ్లు, అంతకన్నా తక్కువైతే ఒక మార్కు కలపాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. రిటైరైన లెక్చరర్లకు, బ్యాంకు ఉద్యోగులకు దీన్ని మించింది లేదు. ఎంఎంఎస్ఈలో 29 తెచ్చుకుని బయటపడే మనిషిని ఇది పట్టుకుంటుంది. అయిదు మాటలు చెప్పి, కొన్ని నిమిషాల తర్వాత తిరిగి అడిగే చోట 5కు 1 వస్తే దాపరికం సాగదు. చదువు లేని వాళ్ల దగ్గర మాత్రం దీన్ని తీయొద్దు. ఘనం బొమ్మ, అంకెలకూ అక్షరాలకూ గీత కలపడం అన్నీ పెన్సిల్ అలవాటు అడిగేవే. ఊళ్లో జూపార్కు ఉన్నా ఖడ్గమృగాన్ని ఎప్పుడూ చూడని వాళ్లు ఎందరో. పేరు రాకపోతే అది జబ్బా, చూడకపోవడమా? తక్కువ చదువు వాళ్ల కోసం మోకా బేసిక్ అని వేరే కాగితం ఉంది, అది వాడండి. శిక్షణ, సర్టిఫికెట్ ఉన్నవాళ్లే మోకా చేయాలన్న నిబంధన కూడా ఉంది.

మినీ కాగ్ మూడు నిమిషాల పని. మూడు మాటలు, పదకొండూ పది నిమిషాలు చూపే గడియారం బొమ్మ, మళ్లీ ఆ మూడు మాటలు. మాటకు ఒకటి, గడియారానికి 2 లేదా సున్న, మొత్తం 5. 3 కంటే తగ్గితే అనుమానం. గడియారం గీయలేని అవ్వ ఒక్క మాట మరిచినా 2కు పడిపోతుంది. ఓపీ వరండాలో చదువుకున్న వాళ్లకు సరే, పల్లె ఇళ్లకు వద్దు.

పల్లె ఇళ్లకు మేము ఎంచుకునేది హెచ్ఎంఎస్ఈ (హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్) తరహా ప్రశ్నలు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో, బడి మొహం చూడని వాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారై 1995లో వెలువడింది. ఏడేడు తీసే లెక్కకు బదులు వారాల పేర్లు వెనక్కి చెప్పాలి. చదివి చేసే పనికి బదులు నర్సు ముఖం చూసి అలాగే చేయాలి. వాక్యం రాసే చోట ఇంటి గురించి ఒక మాట చెప్తే చాలు. ‘అవ్వా, ఆదివారం నుంచి వెనక్కి చెప్పు చూద్దాం’ అంటే ఆటలాగా చెప్తారు. హిందీలో పుట్టిన కాగితాన్ని అక్కడికక్కడ నోటితో తెలుగు చేసుకోకండి, ఒక్కో నర్సు ఒక్కో రకంగా అడుగుతారు. రాసి పెట్టుకున్న ఒకే తెలుగు పాఠం అందరూ వాడాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) టూల్‌బాక్సు అనే పరీక్షల కట్ట తెలుగుతో కలిపి అయిదు భాషల్లో ఉంది, నాణ్యమైనది, కాకపోతే ఒక్క విజిట్‌లో తేల్చే పని కాదు.

ఇక 4ఏటీ. రెండు నిమిషాలు పట్టదు. ఇది వెతికేది మెల్లగా వచ్చే మతిమరుపును కాదు, ఉన్నట్టుండి వచ్చే డెలీరియాన్ని. మన పెద్దలు సన్నిపాతం అనేది దీన్నే. మెలకువ తీరు తేడాగా ఉంటే 4. వయసు, పుట్టిన తేదీ, ఇప్పుడున్న చోటు, ఏ సంవత్సరమో అడిగి, ఒక తప్పుకు 1, అంతకు మించితే 2. నెలల పేర్లు వెనక్కి చెప్పించాలి. ఏడు సరిగ్గా చెప్తే సున్న. గత రెండు వారాల్లో మొదలై ఇంకా కనిపిస్తున్న మార్పుంటే మరో 4. మొత్తం 4 దాటినా, సరిగ్గా 4 వచ్చినా జ్ఞాపకశక్తి పరీక్ష అక్కడితో ఆపి, ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, ఒంట్లో నీళ్లు తగ్గడం, న్యుమోనియా, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, ఏదైనా కారణం కావచ్చు. దీనికీ మన దగ్గర ఒక గుంత ఉంది: పుట్టిన తేదీ. ఆధార్‌లో జనవరి 1 అని పడిన వాళ్లు చాలామంది, అసలు తేదీ వాళ్లకే తెలియదు. ఇంట్లో వాళ్లను ముందే అడిగి, ఆమెకు ఎప్పుడూ తెలియనిదైతే ఆ సంగతి కాగితం మీద రాయండి. నెలల పేర్లు తెలుగువి చెప్తారా, ఇంగ్లిషువా అన్నది వాళ్ల ఇష్టం, వెనక్కి చెప్పడమే ముఖ్యం.

మార్కులు పాడయ్యేది ఎక్కువగా ప్రశ్నల వల్ల కాదు, ప్రశ్నలకు ముందు చూడని వాటి వల్ల. చెవిలో గులిమి నిండి ఉంటే మూడు మాటలూ సగమే వినిపిస్తాయి. చెప్పిన వెంటనే తిరిగి చెప్పించండి, అక్కడే తప్పితే అది చెవి సమస్య కావచ్చు. కళ్లద్దాలు తెప్పించి తుడిచి పెట్టండి. గ్లూకోమీటర్‌లో షుగర్ 70 కంటే తగ్గితే ఏదైనా తినిపించి, పరీక్ష ఇంకో రోజు. అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి. పడుకున్నప్పటి కంటే పై అంకె 20 తగ్గితే రాయండి. మాత్రల డబ్బా మొత్తం బయట పోయించండి. జలుబు మాత్ర, దురద మాత్ర, అల్ప్రాజోలం, వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ మతిని మసకబారుస్తాయి. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకునే వాళ్లకు విటమిన్ బీ12 తగ్గవచ్చు.

గోడ కూడా చూడండి. టీటీడీ క్యాలెండర్ ఎదురుగా ఉంటే తేదీ, నెల, వారం అన్నీ దాంట్లో చదివేస్తారు. దానికి వీపు పెట్టి కూర్చోబెట్టండి. టీవీ కట్టేయించండి. మూడు మాటలు ఒకదానికొకటి సంబంధం లేనివై ఉండాలి. పాలు, పెరుగు, వెన్న అంటే ఒకటి గుర్తొస్తే మూడూ వస్తాయి. కోడలు పక్క నుంచి పెదవులు కదిపితే ఆ జవాబు లెక్కలోకి రాదు.

కోడలితో వేరుగా కూర్చుని మాట్లాడితే మాత్రం అసలు సంగతి తెలుస్తుంది. ఏడీ8 అన్న ఎనిమిది ప్రశ్నల కాగితం అందుకే. మనిషిని ఆమె పూర్వపు తీరుతోనే పోల్చి చూస్తుంది కాబట్టి చదువు అంతగా అడ్డురాదు. రెండింటికి అవునంటే ముందుకెళ్లాలి. ‘మా అమ్మకేం లేదు’ అని కొడుకు అంటాడు, పులుసులో ఉప్పు రెండుసార్లు పడుతోందని కోడలికే తెలుసు. ప్రయత్నించకుండానే ప్రతిదానికీ ‘తెలీదు’ అనే మనిషి దగ్గర జీడీఎస్ (పెద్దవాళ్ల దిగులును చూసే కాగితం) 15 ప్రశ్నలు అడగండి. అది దిగులు కావచ్చు. 5 దాటితే డాక్టర్‌కు చెప్పాలి.

చిత్తూరు వైపు ఇంట్లో అరవం, బయట తెలుగు మాట్లాడే వాళ్లు ఎక్కువ. ఏ భాషలో మనవడిని తిడతారో ఆ భాషలో పరీక్షించండి. రెండు భాషలు అడ్డంకి అనుకోవద్దు. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను చూసి 2013లో వెలువరించిన అధ్యయనంలో, రెండు భాషల వాళ్లకు జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించింది.

అనుమానం తేలితే తిరుపతిలో స్విమ్స్ ఆస్పత్రి న్యూరాలజీ విభాగం, రుయా ఆస్పత్రి ఉన్నాయి. చిత్తూరు నుంచైతే వేలూరు సీఎంసీ ఆస్పత్రి దగ్గర. బీ12, థైరాయిడ్, సోడియం, షుగర్, రక్తం కౌంట్ రిపోర్టులుంటే వెంట పంపండి. ఈ మధ్య తలకు దెబ్బ తగిలితే ఆ మాట పైనే రాయండి. ‘21/30’ అని ఊరకే రాసిన కాగితం డాక్టర్‌కు ఏమీ చెప్పదు. ఏ పరీక్ష, ఏ భాష, ఎన్నో తరగతి చదువు, ఏ వేళ, కళ్లద్దాలున్నాయా, చెవి వినిపించిందా అన్నీ ఉండాలి. ఆరు నెలల తర్వాత మళ్లీ చూసేటప్పుడు అదే కాగితం, అదే భాష, అదే వేళ. మాటలు మాత్రం వేరేవి.