పొంచి కొట్టడంలో ఎవరు మేటి: పెద్దపులా, ఇసుకలో పురుగా?

బలం చూస్తే అసలు పోటీయే లేదు. బాగా ఎదిగిన మగ పులి 200 కిలోలు తూగుతుంది. 2009లో జపాన్‌లోని షిరహామా దగ్గర, సెటో రేవులో దొరికిన బాబిట్ పురుగు అనే సముద్రపు పురుగు దాదాపు 3 మీటర్ల పొడవున్నా బరువు 433 గ్రాములే. కానీ రెండింటికీ కూడు పెట్టే విద్య ఒక్కటే: కంటపడకుండా కాపుకాయడం. అందులో ఎవరిది పైచేయి అన్నదే నాకు ఆసక్తి.

బాబిట్ పురుగు ఒళ్లంతా ఇసుకలో దాచుకుని తల మాత్రం పైకి పెడుతుంది. తల మీద 5 చిన్న మీసాలు, వాటి కింద బార్లా తెరిచిన దవడలు. వేటలో దానికి కళ్లకంటే మీసాలే దిక్కు. చేప దగ్గరికొచ్చిందని తెలియగానే దవడలు టక్కున మూసుకుంటాయి. మరుక్షణం చేప ఉండదు, ఇసుక మీద చిన్న గుంట మిగులుతుంది.

పులికి ఇంత సులువు కాదు. దుప్పికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు కాబట్టి పులి రంగు దాని కంటికి ఆకుల్లో కలిసిపోతుంది. చారలు ఆకారాన్ని చెరిపేస్తాయి. అయినా దగ్గరిదాకా నడిచి వెళ్లక తప్పదు. ముందు కాలు మోపిన చోటే వెనక కాలు మోపుతూ వస్తుంది. ఎండాకాలం నల్లమలలో ఒక్క ఎండుటాకు చప్పుడైతే చాలు, పడ్డ కష్టమంతా వృథా. చాలా వేటలు ఇలాగే తప్పిపోతాయి.

రెండింటికీ అసలు టెన్షన్ గుట్టు రట్టయినప్పుడే. పులిని చూస్తే కొండముచ్చు చెట్టు మీంచి అరుస్తుంది, దుప్పి కూత పెడుతుంది, అడవంతా మేలుకుంటుంది. సముద్రంలోనూ ఇలాంటిదే జరుగుతుందని 2016లో ఒక పరిశోధన వచ్చింది. ఇండోనేషియాలోని లెంబె జలసంధిలో మోనోకల్ బ్రీమ్ చేపలు పురుగు దాక్కున్న బొరియ మీదికి నోటితో నీళ్లు చిమ్ముతాయి. ఒకటి మొదలుపెడితే పక్కవీ వచ్చి కలుస్తాయి. ఎంత చిన్న ప్రాణమైనా తోటిదానికి హెచ్చరిక చేస్తుందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మొత్తం మీద వేటగాడంటే పులే. రెండేళ్లు తల్లి వెంట తిరిగి నేర్చుకున్న విద్య అది. కానీ పొంచి ఉండటం ఒక్కటే లెక్కైతే నా ఓటు పురుగుకే. గుట్టు రట్టయితే పులి మరో మంద కోసం మళ్లీ నడక మొదలుపెట్టాలి. పురుగు బొరియలోకి జారుకుంటుంది, చేపలు వెళ్లాక అక్కడే మళ్లీ మీసాలు పైకి పెడుతుంది.