స్పోర్టీ ఫ్యామిలీ కారు: సెట్టింగ్‌లు మార్చుకోవడం మేలా, సామాన్లు బిగించుకోవడం మేలా?

నాది ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ, ఉండేది విజయనగరంలో. శ్రీకాకుళంలో ఉండే మా బావది హ్యుందాయ్ క్రెటా ఎన్ లైన్. రెండూ టర్బో పెట్రోల్ బళ్లే. ఇంజిన్ బలం నాదానికి 150 పీఎస్, ఆయనదానికి 160 పీఎస్. నడిపేవాడికి హుషారు కావాలి, ఇంటిల్లిపాదీ ఎక్కాలి అనుకునేవాళ్లు కొనే కార్లు ఇవి. కొన్న మర్నాటి నుంచే అందరూ సలహాలు మొదలుపెడతారు: అల్లాయ్‌లు మార్చు, లైట్లు మార్చు, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ మార్చి బలం పెంచడం) చేయించు. నా మాట వేరు. కంపెనీవాడు కారులోనే ఇచ్చిన సెట్టింగ్‌లన్నీ వాడి చూశాకే జేబులో చెయ్యి పెట్టండి. ఏది బాగుందో తేల్చాల్సింది కూడా వెనక సీట్లో కూర్చున్నవాళ్లే. ఎందుకంటే ఇలాంటి కారులో మనం ఒక్కళ్లమే వెళ్లే రోజులు తక్కువ.

డ్రైవ్ మోడ్‌లనే తీసుకోండి. క్రెటా ఎన్ లైన్‌లో ఎకో, నార్మల్, స్పోర్ట్ ఉన్నాయి. వర్టస్‌లో అలాంటి మోడ్‌లు లేవు. ఆటోమేటిక్‌లో గేర్ లివర్‌ను డీ నుంచి ఎస్‌కి లాగితే అదే స్పోర్ట్. స్పోర్ట్ వేస్తే ఇంజిన్ బలం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. బలం అంతే ఉంటుంది. కాస్త తొక్కగానే ఎక్కువ స్పందిస్తుంది, గేరు త్వరగా మార్చకుండా పట్టి ఉంచుతుంది. జాతీయ రహదారి మీద లారీని దాటడానికి ఇది మహా ఉపయోగం. అదే సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడు వేసి చూడండి, వెనక పిల్లలకి కడుపులో తిప్పడం మొదలవుతుంది. మా అమ్మయితే "ఏటిరా ఈ కుదుపులు, నెమ్మదిగా పోనీ" అని కేకేస్తుంది. అందుకే ఘాట్‌లో నేను డీలోనే ఉంచి, స్టీరింగ్ వెనకున్న ప్యాడిల్స్‌తో గేరు దించుకుంటాను. దిగేటప్పుడు రెండో గేరులోనో మూడో గేరులోనో ఉంటే ఇంజినే బండిని పట్టి ఆపుతుంది, బ్రేకులు కాలిపోయిన వాసన రాదు. పైసా ఖర్చు లేని సౌకర్యం ఇది. చాలామంది ప్యాడిల్స్‌ని ముట్టుకోనైనా ముట్టుకోరు.

దీనికి ఎదురుగా నిలబెట్టాల్సింది రీమ్యాప్. విశాఖలోనో హైదరాబాద్‌లోనో చేయించుకుని వచ్చినవాళ్లు "బండి ఎగిరిపోతోంది" అంటారు. అందులో అబద్ధం లేదు, లాగుడు నిజంగానే పెరుగుతుంది. కానీ వర్టస్ జీటీ 1.5 ఇంజిన్ ఇచ్చే టార్క్, అంటే లాగే శక్తి, 250 ఎన్ఎం. దాని వెనకున్న ఏడు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) డ్రై క్లచ్ గేర్‌బాక్స్‌కి కంపెనీ పెట్టిన హద్దు కూడా 250 ఎన్ఎమ్మే. అంటే షోరూమ్ నుంచి వచ్చేసరికే గేర్‌బాక్స్ అంచు మీద ఉంది. దాని మీద ఇంకో 50 వేస్తే ఆ భారం క్లచ్ మోయాలి. వారంటీ దగ్గర పేచీ వస్తుంది, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర కూడా రావచ్చు. ఇంటికి ఒకటే కారున్నవాళ్లకి నేను ఇది వద్దనే గట్టిగా చెబుతాను.

ఇక చక్రాలు. అల్లాయ్‌లు మార్చాలన్న మోజు తీరాలంటే ముందు టైరు మీదున్న అంకెలు చదవాలి. నా కారుకి 205/55 ఆర్16. 205 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. అందులో 55 శాతం టైరు గోడ ఎత్తు, అంటే దాదాపు 113 మిల్లీమీటర్లు. మధ్యలో చక్రం 16 అంగుళాలు. దీన్ని తీసి 215/45 ఆర్17 వేస్తే బయటి చుట్టుకొలత పెద్దగా మారదు, స్పీడోమీటరు కూడా దాదాపు సరిగ్గానే చూపిస్తుంది. కానీ టైరు గోడ 97 మిల్లీమీటర్లకి పడిపోతుంది. గుంతలో పడ్డప్పుడు దెబ్బని కాచుకునేది ఆ గోడే. మా బావ కారుకి 18 అంగుళాల చక్రాలున్నా టైరు 215/55 కాబట్టి గోడ 118 మిల్లీమీటర్లు ఉంటుంది. అందుకే పెద్ద చక్రమే తప్పు అని నేననను. వానాకాలం తర్వాత రామభద్రపురం వైపు లారీలు తిరిగే రోడ్డు మీద వెళ్లేవాళ్లు మాత్రం ఆ 16 మిల్లీమీటర్లు పోగొట్టుకోవద్దు.

దానికంటే ముందు గాలి చూసుకోండి. ఈ విషయం కాస్త సాగదీసి చెబుతాను, ఎందుకంటే సస్పెన్షన్ గట్టిగా ఉందని బాధపడేవాళ్లలో సగం మందికి మందు ఇక్కడే ఉందని నా నమ్మకం. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీదో, పెట్రోల్ మూత లోపలో ఒక స్టిక్కర్ ఉంటుంది. మామూలు బరువుకి ఎంత, నిండా మనుషులూ సామానూ ఉంటే ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది. పంక్చర్ షాపుల్లో అడక్కపోతే 38, 40 పీఎస్‌ఐ కొట్టేస్తారు. కొత్త కారు రవాణా కోసం ఎక్కువ గాలితో వచ్చి, షోరూమ్‌లో ఎవరూ తగ్గించకుండానే చేతికి రావడం కూడా ఉంది. అలాంటి టైరు గట్టిపడి ప్రతి చిన్న గులకరాయినీ నడుముకి చెబుతుంది. పొద్దున్నే, బండి తియ్యకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు స్టిక్కర్ మీదున్న అంకెకి తెచ్చి నడపండి. తేడా వెనక సీట్లోవాళ్లే చెబుతారు. ఇంట్లో ఒక చిన్న గేజ్, సిగరెట్ సాకెట్‌కి తగిలించే గాలి పంపు ఉంటే చాలు. నేను కొన్న సామాన్లన్నిటిలో డబ్బుకి తగ్గ ఫలితం ఇచ్చింది ఆ పంపే.

మా బావ కారులో అడాస్ ఉంది, అంటే రోడ్డుని కనిపెట్టి హెచ్చరించే, అవసరమైతే తనే స్టీరింగ్ తిప్పి బ్రేకు వేసే ఏర్పాటు. దాన్ని పూర్తిగా ఆపేయడమా, సర్దుకోవడమా అన్నది మా ఇద్దరి మధ్య పెద్ద చర్చ. కోతల కాలంలో మన వైపు రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు కదా. రాజాం రోడ్డులో ఆ కుప్పని తప్పించడానికి గీత దాటితే స్టీరింగ్ ఎదురు లాగుతోందని ఆయన మొత్తం ఆపేశాడు. "బావా, ఇండికేటర్ వేసి దాటు, అది లాగదు" అన్నాను. వేసి చూశాడు, లాగలేదు. ముందు బండిని గుద్దుతామని చేసే హెచ్చరిక కూడా ఆటోలు అడ్డం వచ్చినప్పుడల్లా మోగుతోందని విసుక్కునేవాడు. స్క్రీన్‌లో ఆ హెచ్చరిక సమయాన్ని ఆలస్యానికి మార్చుకోవచ్చు, శబ్దం తగ్గించుకోవచ్చు. ఇప్పుడు అలాగే వాడుతున్నాడు. టౌన్‌లో విసుగనిపిస్తే గీత దాటితే స్టీరింగ్ లాగే లేన్ అసిస్ట్ ఒక్కటి ఆపండి గానీ, ఢీకొనకుండా బ్రేకు వేసేదాన్ని ఆపొద్దు. అన్నట్టు, 80 దాటాక మధ్యమధ్య, 120 దాటాక ఆగకుండా వచ్చే బీప్‌ని తీయించాలని కొందరు షాపుల చుట్టూ తిరుగుతారు. 2019 జూలై నుంచి అది ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి. దాన్ని వదిలేయండి.

సామాన్ల విషయానికొస్తే షోరూమ్‌లో కొనాలా, బయట కొనాలా? నా లెక్క ఒకటే. వైరుతోనో ఎయిర్‌బ్యాగ్‌తోనో సంబంధం ఉన్నది ఎక్కువ డబ్బయినా కంపెనీదే. మిగతావి బయట.

సీటు కవర్లు చూడటానికి బట్టే గానీ ఈ లెక్కలో మొదటి రకంలోకి వస్తాయి. ఆరు ఎయిర్‌బ్యాగ్‌ల కార్లలో ముందు సీటు పక్క అంచులోనే ఒక ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, అక్కడ చిన్న గుర్తు కుట్టి ఉంటుంది. మందపాటి రెగ్జిన్‌తో ఆ అంచుని చుట్టేస్తే అది విచ్చుకోవాల్సినప్పుడు దారి ఉండదు. ముందు బిగించే ఇనుప గార్డులు కూడా వద్దు. గుద్దినప్పుడు నలగాల్సిన భాగం నలగక, సెన్సార్లు దెబ్బని సరిగ్గా పసిగట్టలేవనే వాటిని కేంద్రం 2017లో వద్దంది.

లైట్ల దగ్గర చాలామంది దెబ్బతింటారు. మా బావ స్నేహితుడొకాయన తన పాత కారుకి బయట ఎక్కువ వాట్ల బల్బులు వేయించాడు. వైరు మధ్యలో కోసి, మెలిపెట్టి, టేపు చుట్టారు. కొన్ని నెలలకి హోల్డర్ కరిగి గోధుమరంగుకి తిరిగింది. హాలోజన్‌కి కంపెనీ ఇచ్చే వైరింగ్ 60/55 వాట్లకే. బయట వేయించక తప్పకపోతే వైరు కొయ్యకుండా కప్లర్‌కి కప్లర్ (ప్లగ్గుకి ప్లగ్గు) తగిలేది, విడిగా రిలే (బల్బుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చే స్విచ్) ఉన్నది అడగండి. వైరు కోస్తానంటే బండి తీసుకుని వచ్చేయండి. ఎదుటివాడి కళ్లలో కొట్టే ఎల్ఈడీలు నాకసలు నచ్చవు. రాత్రి రణస్థలం దాటాక సర్వీస్ రోడ్డులో ఎదురొచ్చే బైకువాడి పరిస్థితి ఆలోచించండి.

ఎండకి నల్ల ఫిల్మ్ వేయించమంటారు. 2012లో సుప్రీంకోర్టు వాటిని వద్దంది. అద్దం నుంచి ముందూ వెనకా 70 శాతం, పక్కల 50 శాతం వెలుతురు రావాలన్నది నిబంధన. వెనక కిటికీలకి తీసి పెట్టుకునే జాలీ తెరలు చాలు, పిల్లలు కూడా హాయిగా నిద్రపోతారు.

బయట ధైర్యంగా కొనదగ్గవి ఉన్నాయి. మడ్ ఫ్లాప్స్, బూట్ మ్యాట్, ఫోన్ హోల్డర్ లాంటివి. కాళ్ల కింద మ్యాట్లు మాత్రం ఒకదాని మీద ఒకటి వేయొద్దు. డ్రైవర్ మ్యాట్ కొక్కేనికి తగలకపోతే జరిగి యాక్సిలరేటర్ కింద ఇరుక్కుంటుంది. నిండా పరిచే రెగ్జిన్ మ్యాట్లు వేసుకున్నవాళ్లు వానాకాలంలో నెలకోసారి ఎత్తి కింద చెయ్యి పెట్టి చూడండి, తడి చేరి కార్పెట్ ముక్కవాసన వస్తుంది. కళింగపట్నం, భీమిలి వైపు తరచూ వెళ్లేవాళ్లు బీచ్ నుంచి రాగానే బండి కింది భాగం మంచినీళ్లతో కడిగించండి, ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేది అక్కడే. అడుగున కోటింగ్ వేయించాలనుకుంటే కారు కొత్తగా ఉన్నప్పుడే, ఎండాకాలంలో, బాగా ఆరాక వేయించండి. సైలెన్సర్ మీద, నీళ్లు కారే రంధ్రాల మీద పడకుండా దగ్గరుండి చూసుకోండి.