ఈఏ కాలేజ్ ఫుట్‌బాల్ 25 రివ్యూ: 19 ఏళ్ళ కుర్రాడి బుర్రలో ఎన్ని ప్లేలు పడతాయి?

ఇది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మీద ఈఏ కంపెనీ తీసిన వీడియో గేమ్. గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి, మెనూలు ఎలా ఉన్నాయి అని చెప్పే రివ్యూలు బోలెడున్నాయి కాబట్టి వాటి జోలికి పోను. 26 కూడా వచ్చేసింది కదా ఇప్పుడు 25 గురించి ఎందుకురా అంటారేమో, నా డైనస్టీ (మనమే కోచ్‌గా ఏళ్ళ తరబడి టీమ్ నడిపే మోడ్) ఇంకా సగంలో ఉంది, వదిలేసి కొత్తది కొనడానికి మనసొప్పట్లేదు, అంతే. పైగా ఈ గేమ్ నాకు ఒక విషయం బాగా తలకెక్కేలా చెప్పింది, అది రాద్దామనే ఇదంతా.

అమెరికన్ ఫుట్‌బాల్ తెలీనోళ్ళకి రెండు ముక్కలు. 11 మంది అటు, 11 మంది ఇటు, బంతి ఉన్నోళ్ళకి నాలుగు ఛాన్సులు, ఆ నాలుగులో 10 గజాలు ముందుకెళ్తే మళ్ళీ నాలుగు. ప్రతి ఛాన్సుకీ ముందే గీసుకున్న ప్లాన్ ఒకటి ఉంటది, దాన్నే ప్లే అంటారు, అవన్నీ కలిపిన పుస్తకం ప్లేబుక్. బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికొస్తుంది, అక్కణ్ణించి కథంతా వాడిదే. చెప్పుకోడానికి సింపులే, ఆడటానికి కూర్చుంటే తెలుస్తది.

2013లో వచ్చిన ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 14 తర్వాత ఈ సిరీస్ ఆగిపోయింది. కాలేజీ ప్లేయర్లని పోలిన బొమ్మలు పెట్టి డబ్బులు చేసుకుంటున్నారు, వాళ్ళకి రూపాయి ఇవ్వట్లేదు అని కోర్టు గొడవలు, ఎడ్ ఓబానన్ అనే మాజీ బాస్కెట్‌బాల్ ప్లేయర్ వేసిన కేసు అందులో పెద్దది. 2021లో ప్లేయర్లు తమ పేరు, బొమ్మ మీద సంపాదించుకోవచ్చు అని రూల్ మారాక దారి దొరికింది, చివరికి 2024 జులై 19న 25 వచ్చింది. ఒప్పుకున్న ప్రతి ప్లేయర్‌కీ 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చారు. 134 టీములున్నాయి, పీఎస్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ వాటికి మాత్రమే, పీసీలో లేదు. ఆ పీసీ బాధ మాత్రం నాకింకా ఉంది, దీనికోసమే కన్సోల్ కొనాల్సొచ్చింది.

ఇక నా గోల. నేను ఎమ్మెస్ చేసింది టెక్సస్‌లోని లబ్బక్ ఊళ్ళో, టెక్సస్ టెక్ యూనివర్సిటీలో. అక్కడ దుమ్ము గాలి, ఆవుల వాసన, శనివారం వచ్చిందంటే ఊరంతా ఎర్ర టీషర్టులు. అందుకని డైనస్టీలో ఆ టీమే తీసుకున్నా. డైనస్టీ అంటే మనమే కోచ్, ప్లేయర్లని తెచ్చుకోవాలి, సీజన్లకి సీజన్లు నడపాలి. మొదటి రోజే చేసిన తప్పు ఏంటంటే, ప్లేబుక్ ఎంచుకునే చోట బాగా లావుగా ఉన్నది, అన్ని రకాలూ కలిపి ఉన్నది పట్టుకున్నా. ఎక్కువ ప్లేలు ఉంటే ఎక్కువ ఆప్షన్లు కదా అని. ఇంటర్‌లో మేము కూడా ఇంతే, నాలుగు కాలేజీల మెటీరియల్ జిరాక్సు తీయించి కట్టలు కట్టి అటక మీద పెట్టేవాళ్ళం, ఒక్కటీ పూర్తిగా చదివింది లేదు.

మొదటి సీజన్ సీనియర్ క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు, ఏదోలా లాక్కొచ్చాడు. రెండో ఏడాదికి వాడు వెళ్ళిపోయాడు, నా చేతిలో మిగిలింది కొత్తగా చేరిన ఫ్రెష్‌మన్ కుర్రాడు. నాకు బుద్ధి లేక షెడ్యూల్‌లో కావాలని కైల్ ఫీల్డ్‌లో మ్యాచ్ పెట్టుకున్నా. కైల్ ఫీల్డ్ అంటే టెక్సస్ ఏ అండ్ ఎమ్ వాళ్ళ స్టేడియం, లక్ష మందికి పైగా పడతారు, గేమ్ వాళ్ళు ప్రత్యర్థులకి కష్టమైన స్టేడియాల లిస్టు వేస్తే మొదటి నంబర్ దానికే ఇచ్చారు.

మూడో ఛాన్సు, 8 గజాలు కావాలి. నేను ప్లేబుక్ లోపల్లోపలికి వెళ్ళి, అంతకుముందు ఒక్కసారి కూడా వాడని ఒక ప్లే తీశా, అయిదుగురు అయిదు దిక్కులకి పోయే రకం. లైన్ మీదకి వచ్చాక ఎవడు ఎటు పోతాడో చూద్దామని బటన్ నొక్కితే, మామూలుగా తిన్నగా గీసినట్టుండే గీతలు జంతికల్లా మెలికలు తిరిగి కనిపిస్తున్నాయి. స్క్రీన్ ఊగుతోంది, ఎవడికి ఏ బటనో కూడా మసక మసగ్గా ఉంది, కంట్రోలర్ చేతిలో గిలగిలా కొట్టుకుంటోంది. అంటే ఆ గోలలో ఆ కుర్రాడికి బుర్ర పనిచేయట్లేదు అని గేమ్ మనకి కళ్ళకి కట్టినట్టు చూపిస్తుంది అనమాట, అనుభవం లేనోళ్ళకి ఇది ఇంకా ఎక్కువ. ప్లే మొదలెట్టడానికి ఎంత టైముందో చూపించే ప్లే క్లాక్ చూస్తే 4, 3... స్నాప్ చేసేశా, అంటే బంతి అందుకుని ప్లే మొదలెట్టేశా, సర్కిల్ అనుకుని ట్రయాంగిల్ నొక్కా, బంతి తిన్నగా వాళ్ళోడి ఒళ్ళో పడింది. 31-6 తో ఓడిపోయా. పక్కన సోఫాలో మా రూమ్మేట్ చిప్స్ తింటూ "ఒరేయ్, ఆ ప్లే నీకే తెలీదు, వాడికేం తెలుస్తుందిరా" అన్నాడు. నాకు తిక్క రేగింది గానీ వాడన్నది నూటికి నూరు పాళ్ళు కరెక్టు.

ఈ ఒక్క ఫీచర్‌కే నేను గేమ్‌కి సగం మార్కులు వేసేస్తా. ఎందుకంటే నిజం కాలేజీ ఫుట్‌బాల్‌లో కొత్త కోచ్ వచ్చి కొత్త అఫెన్స్ (బంతి మన దగ్గరున్నప్పుడు ఆడే పద్ధతి) పెడతా అన్నప్పుడల్లా అసలు ప్రశ్న ఇదే. ఎంత బరువు మొయ్యగలరు వీళ్ళు? ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ వాడికి అది ఉద్యోగం, పొద్దున్నించి రాత్రి దాకా అదే పని. కాలేజీ కుర్రాడికి సీజన్‌లో వారానికి 20 గంటలే అని రూల్, రోజుకి 4 గంటలు మించకూడదు, మీటింగులు, ప్రాక్టీసు, జిమ్ అన్నీ అందులోనే. వసంతంలో ప్రాక్టీసులు 15. వాడికి పరీక్షలుంటాయి, గర్ల్‌ఫ్రెండ్ ఉంటది, ఇప్పుడు కాలేజీ మారాలనుకునేవాళ్ళు పేరు ఇచ్చుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ కూడా ఉంది కాబట్టి నువ్వు రెండేళ్ళు కూర్చోబెట్టి నేర్పినోడు మూడో ఏడు వేరే కాలేజీలో తేలతాడు, వాడి చోటులోకి వచ్చినోడికి మళ్ళీ ఓనమాలు. 2024 నుంచి హెల్మెట్‌లో స్పీకర్ పెట్టి కోచ్ మాట్లాడొచ్చు అన్నారు గానీ ప్లే క్లాక్ 15 సెకన్లకి రాగానే అదీ కట్, ఆ తర్వాత వాడి ఖర్మ వాడిది.

మా లబ్బక్ దేవుడు, టెక్సస్ టెక్ పాత కోచ్ మైక్ లీచ్ ఈ లెక్క ఎప్పుడో తేల్చేశాడు. నేను వెళ్ళేసరికి ఆయన లేడు గానీ కథలు మాత్రం సీనియర్లు ఇప్పటికీ చెప్తారు. హాల్ మమ్మీ అనే ఇంకో కోచ్, లీచ్ కలిసి 1989లో అయోవా వెస్లియన్ అనే చిన్న కాలేజీలో మొదలెట్టిందే ఎయిర్ రెయిడ్, అంటే ఎక్కువగా పాస్‌ల మీదే నడిచే ఆట. మిగతా కోచ్‌లు హోటల్ మెనూ కార్డులంత లామినేషన్ షీట్లు పట్టుకుని తిరుగుతుంటే ఈయన చేతిలో మడతపెట్టిన కాగితం ముక్క. ప్లేలు కొన్నే, అవే మళ్ళీ మళ్ళీ, చెయ్యి తిరిగేదాకా. మెష్ అని ఒకటుంది చూడండి, ఇద్దరు రిసీవర్లు (పాస్ పట్టుకునేవాళ్ళు) చెరో పక్క నుంచి ఓ 6 గజాల లోతులో ఎదురెదురుగా వచ్చి, చేతులు తగిలేంత దగ్గరగా దాటుకుంటారు, వెంటపడేవాళ్ళు గుద్దుకుంటారు లేదా చుట్టూ తిరిగి రావాలి, ఎవరూ వెంటపడకపోతే ఖాళీ చూసుకుని ఆగిపోతారు. అంతే, ఇది వెయ్యిసార్లు చేసినోడికి లక్ష మంది అరిచినా కాళ్ళు వాటంతటవే పోతాయి. 2008 నవంబర్ 1న లబ్బక్‌లో నంబర్ వన్ టెక్సస్‌ని 39-33 కొట్టింది ఆ టీమే, క్వార్టర్‌బ్యాక్ హారెల్ విసిరితే రిసీవర్ క్రాబ్‌ట్రీ సైడ్‌లైన్ పక్కన పట్టుకుని లోపలికి దూకేసరికి క్లాక్‌లో ఒక్క సెకను మిగిలింది. యూట్యూబ్‌లో ఉంది, చూడకపోతే చూడండి, రివ్యూ తర్వాత చదువుకోవచ్చు.

సరే, నేనూ అదే చేశా. అమెజాన్ డబ్బా అట్ట ముక్క ఒకటి చింపి, స్కెచ్ పెన్‌తో 12 ప్లేలు రాసి టీవీ కింద నిలబెట్టా. 4 రన్, 8 పాస్. ఆ 12 తప్ప వేరే పిలవను అని ఒట్టు. ప్రాక్టీస్ మోడ్‌లో వారం రోజులు ఆఫీస్ నుంచి రాగానే అరగంట అవే. మార్పు వెంటనే కనిపించింది, గీతలు జంతికలైనా ఏం పర్లేదు, ఎవడెక్కడుంటాడో నాకే తెలుసు కాబట్టి బటన్ నొక్కి చూడాల్సిన పనే లేదు. ఆ కుర్రాడితోనే వరసగా 5 గెలిచా.

తర్వాత రూమ్మేట్‌తో ఆడా, అక్కడ దెబ్బ పడింది. కంప్యూటర్ వేరు, మనిషి వేరు. మూడోసారి మెష్ వెయ్యగానే వాడికి అర్థమైపోయింది, నాలుగోసారి డిఫెన్స్ మధ్యలో ఉండే లైన్‌బ్యాకర్‌ని వాడే స్వయంగా పట్టుకుని మధ్యలో కాపు కాశాడు, దొంగ కోసం గుమ్మం వెనక నక్కినట్టు. తేలిగ్గా ఉంటే చాలు అనుకోవడం కూడా తప్పే అని అప్పుడు తెలిసింది. మనోళ్ళకి తేలిగ్గా ఉండాలి, అవతలోడికి తేలిగ్గా కనపడకూడదు. మా అమ్మ ఆదివారం రుబ్బిన పిండితో సోమవారం ఇడ్లీ, మంగళవారం దోశ, బుధవారం ఉల్లిపాయలేసి ఊతప్పం, పులిసిపోయాక గురువారం పునుగులు. రుబ్బింది ఒక్కసారే, తినేవాడికి రోజూ కొత్తే. అలాగే ఆ మెష్‌నే ఒకసారి ముగ్గురు ఒకే పక్క నిలబడి, ఒకసారి ఇద్దరిద్దరుగా, ఒకసారి ఒకణ్ణి ముందే అటు నుంచి ఇటు నడిపించి మోషన్‌లో. నా క్వార్టర్‌బ్యాక్ చూసేది అదే చోటు, అదే వరస. రూమ్మేట్‌కి మాత్రం ప్రతిసారీ వేరే ప్లేలా కనిపించి జుట్టు పీక్కున్నాడు. పేపర్ మీద 12, ఎదుటోడి కళ్ళకి 40.

అయితే కొన్ని తక్కువలా కనిపించి లోపల బరువుంటాయి, అది కూడా చూసుకోవాలి. డిఫెన్స్‌ని బట్టి పరిగెత్తుతూనే దారి మార్చుకునే రూట్లుంటాయి కదా, కాగితం మీద ఒక్కటే గీత, కానీ రిసీవరూ, క్వార్టర్‌బ్యాకూ ఇద్దరూ ఒకే క్షణంలో ఒకేలా అనుకోవాలి. ఒకడు ఆగి, ఇంకొకడు వెళ్తాడనుకుని విసిరితే అయిపోయింది. అలాంటి ఒక్కదానికి పట్టే ప్రాక్టీసులో మామూలువి నాలుగు నేర్పొచ్చు. ప్లేబుక్ లావు పేజీల్లో కొలవకూడదు అనేది ఇందుకే.

నిజం టీముల్లో దీనికి నాకు తెలిసిన బెస్ట్ ఉదాహరణ ఆర్మీ, అంటే వెస్ట్ పాయింట్‌లోని అమెరికా మిలిటరీ కాలేజీ టీమ్. వాళ్ళు ఏళ్ళ తరబడి ఆడింది ట్రిపుల్ ఆప్షన్, క్వార్టర్‌బ్యాక్ సెంటర్ (బంతి అందించేవాడు) వెనకే నిలబడి ఒకణ్ణి చూసి ఇవ్వాలా ఉంచుకోవాలా, ఇంకొకణ్ణి చూసి పరిగెత్తాలా పక్కోడికి విసరాలా, అంతే. వాళ్ళకి క్లాసులతో పాటు మిలిటరీ డ్యూటీలు కూడా, టైమే ఉండదు, దానికి ఇది సరిగ్గా సరిపోయింది. ఈ పద్ధతికి బాగా అవసరమయ్యే, ఎదుటోణ్ణి నడుము కింద తగిలి అడ్డుకోవడం మీద 2022లో రూల్ బిగించాక, 2023లో కొత్త కోఆర్డినేటర్‌ని తెచ్చి షాట్‌గన్‌కి (క్వార్టర్‌బ్యాక్ కొన్ని గజాలు వెనక నిలబడే పద్ధతి) మారారు, 6 గెలుపులు, 6 ఓటములతో సరిపెట్టుకున్నారు. 2024లో మళ్ళీ పాత పద్ధతికి దగ్గరగా వచ్చేశారు, 12-2, కాన్ఫరెన్స్ టైటిల్ కూడా. స్కీమ్ ఒక్కటే కారణం అని నేను అనను, కానీ అలవాటైన చేతికి అలవాటైన పని ఇస్తే ఏమవుద్దో కనపడింది.

గేమ్‌లో నాకు నచ్చనిది కూడా సరిగ్గా ఇక్కడే. ఆర్మీకి ఒక సీజన్ ఖర్చయిన పని, ఇక్కడ మెనూలో పది సెకన్లు. ఈ వారం ఎయిర్ రెయిడ్, వచ్చే వారం ఆప్షన్, నా లైన్‌మన్‌లు మాత్రం పుట్టినప్పటి నుంచి అదే ఆడుతున్నట్టు ఎవణ్ణి అడ్డుకోవాలో వాణ్ణే అడ్డుకుంటారు. కొత్త స్కీమ్ పెట్టిన మొదటి నెల తప్పులు, ఒకడు కుడికి ఒకడు ఎడమకి పోవడం, ఇలాంటివి ఉండుంటే మజా వేరేగా ఉండేది. రోడ్ టు గ్లోరీ అనే ఇంకో మోడ్‌లో కాస్త నయం, అక్కడ నువ్వే ప్లేయర్‌వి, కోచ్‌కి నీ మీద నమ్మకం పెరిగేకొద్దీ ప్లే మార్చుకునే స్వేచ్ఛ పెరుగుతుంది. ఆ ఐడియానే డైనస్టీలోకి కూడా తెచ్చుంటే బావుండేది.

మొత్తానికి 5 కి 4. అసలు ఫుట్‌బాల్ తెలీనోళ్ళు పూర్తి ధర పెట్టి కొనకండి, సేల్‌కి ఆగండి, లేదా ఎవరన్నా ఫ్రెండ్ దగ్గర ఓ వీకెండ్ ఆడి చూడండి. కొన్నాక మొదటి రోజు అన్నిటికన్నా తేలికైన ఫ్రెష్‌మన్ లెవెల్‌లో పెట్టుకుని, రెండు రన్, మూడు పాస్, అయిదే ప్లేలతో మొదలెట్టండి, అన్నిటికన్నా కష్టమైన హైజ్‌మన్ లెవెల్ గురించి దసరాకి ఆలోచిద్దురు గానీ.

నా అట్ట ముక్క సంగతి ఒకటి మిగిలింది. మొన్న మెష్ వేస్తే మళ్ళీ మధ్యలో రెడీగా కూర్చునున్నాడు మావాడు, అనుమానమొచ్చి ఫోన్ లాక్కుని చూస్తే గ్యాలరీలో నా అట్ట ఫోటో ఉంది దొంగ సచ్చినోడికి. ఇప్పుడు రెండో అట్ట రాస్తున్నా. ప్లేలు అవే 12, పేర్లు మాత్రం కూరగాయలవి పెట్టా. మెష్ ఇప్పుడు దొండకాయ.