మామునూరు గోడ పక్కన 53 మీటర్లు

దసరా సెలవుల్లో రెండు రోజులు వరంగల్ వెళ్లొచ్చాం, నేనూ తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయీ. అందరూ కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు చూడాలని బయల్దేరతారు. మావాడు మాత్రం ముందు మామునూరు ఎయిర్‌పోర్టు చూపించమన్నాడు. పోయిన ఎండాకాలం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ తీసుకెళ్లి బీచ్ రోడ్డులోని టీయూ-142 విమానాన్ని చూపించాను. అప్పటి నుంచీ వాడికి అదే లోకం.

ఆ విమానం గురించి చెప్పకుండా మామునూరు గురించి చెప్పలేను. 1988లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చి, మన నౌకాదళంలో 29 ఏళ్లు సముద్రం మీద కాపలా కాసింది. 2017 మార్చిలో సెలవు తీసుకుని, ఏప్రిల్‌లో తమిళనాడులోని అరక్కోణం నుంచి తనంతట తాను ఎగిరి విశాఖలో దిగింది. అక్కడ దాన్ని విప్పి, ముక్కలుగా బీచ్ రోడ్డుకు చేర్చి, మళ్లీ బిగించి, ఆ డిసెంబర్‌లోనే జనానికి తెరిచారు. పొడవు 53 మీటర్లు. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజన్‌కు ఒకదాని వెనక ఒకటి రెండేసి పంకాలు. ఒకటి కుడికి తిరిగితే రెండోది ఎడమకు తిరుగుతుంది. లోపలికి ఎక్కి చూడొచ్చు. జలాంతర్గాముల చప్పుడు వినడానికి నీళ్లలోకి జారవిడిచే గొట్టాల్లాంటి పరికరాలు కూడా పెట్టారు. రోడ్డు దాటితే కురుసుర జలాంతర్గామి. రెండూ ఒకే పూటలో చూడొచ్చు గానీ, పిల్లలుంటే తొందర పెట్టకండి.

నాకు అక్కడ నచ్చింది విమానం పెద్దదని కాదు, దాన్ని చూసుకుంటున్న తీరు. ఎందుకంటే అంతకుముందు ఒక ఊళ్లో, ఒక ప్రాంగణంలో దిమ్మె మీద నిలబెట్టిన చిన్న శిక్షణ విమానాన్ని చూశాను. ఇంజన్ గొట్టంలోంచి గోరింకల గూటి గడ్డి వేలాడుతోంది. పైలట్ కూర్చునే చోట అద్దం ఎండకు పాలు పోసినట్టు తెల్లబడి, లోపల ఏముందో కనబడటం లేదు. రెక్క కింద రివెట్ల చుట్టూ తెల్లటి పొడి. వేలితో తాకితే సున్నంలా రాలింది. అల్యూమినియాన్ని తుప్పు తినగా రాలేదే ఆ పొడి. ఇనుముకు తుప్పు పడితే ఎర్రగా కనబడుతుంది కాబట్టి ఎవరైనా పట్టించుకుంటారు. అల్యూమినియం మాత్రం రంగు పొర కింద చప్పుడు లేకుండా పోతుంది. నీళ్లు కారిపోవడానికి విమానం పొట్ట కింద చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. దుమ్ము, ఆకులు పడి అవి మూసుకుపోతే వానాకాలమంతా నీళ్లు లోపలే నిలుస్తాయి. రెట్ట కూడా లోహాన్ని తింటుంది. టైర్ల మీద బరువు పడకుండా స్టాండ్లు పెట్టాలి. ఇంజన్ నోళ్లకు జాలీ కొట్టాలి. రెండూ పెద్ద ఖర్చులు కావు. ఏడాది పొడవునా చూసుకునే మనిషి ఉండాలి, అంతే. దిమ్మె కట్టి రిబ్బన్ కత్తిరించిన రోజు ఉన్న శ్రద్ధ రెండో వానాకాలానికి కనబడకపోతే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇక వరంగల్. కరీంనగర్ నుంచి హుజూరాబాద్ మీదుగా బస్సులో రెండు గంటలు. పండుగ రద్దీకి సీటు దొరకలేదు. మొదటి రాత్రి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగి తప్పు చేశాను. గీజర్ పనిచేయదని డబ్బు కట్టాక చెప్పారు. రాత్రంతా కారిడార్‌లో మాటలు. మర్నాడు నక్కలగుట్టలో టూరిజం వాళ్ల హరిత కాకతీయకు మారాం. ఖర్చు ఎక్కువే, కానీ గది శుభ్రంగా ఉంది, వేయిస్తంభాల గుడికి ఆటోలో ఇట్టే చేరాం. కుటుంబంతో వచ్చేవాళ్లు హన్మకొండలోనే దిగండి.

గుడిలో కళ్యాణ మండపం దగ్గర మావాడు చాలాసేపు నిలబడ్డాడు. మండపాన్ని రాయి రాయికి నంబరు వేసి విప్పారనీ, అడుగున మళ్లీ కాకతీయుల పద్ధతిలోనే ఇసుక పునాది వేసి పేర్చారనీ, 2024 మార్చిలో శివరాత్రికి తెరిచారనీ చెప్పాను. ఏళ్ల తరబడి సాగిన పని అది. విరిగిన చోట పెట్టిన కొత్త రాయి ఇంకా రంగు కలవలేదు. దాన్ని చేత్తో తడిమి, "విమానాన్ని కూడా ఇట్లనే విప్పి పెట్టిన్రు కదా డాడీ" అన్నాడు. రాయిని ఇంత ఓపిగ్గా నిలబెట్టుకున్న ఊరు ఒక విమానాన్ని కాపాడుకోలేదా అని నాకు అప్పుడే అనిపించింది.

సాయంత్రం మా మేనమామను వెంటబెట్టుకుని మామునూరు వెళ్లాం. ఖమ్మం రోడ్డు, ఆటోలో అరగంట. ముందే చెబుతున్నాను, లోపలికి పోనివ్వరు. గేటు దగ్గర మనిషి మర్యాదగానే చెప్పాడు. కనబడేది గోడ, గడ్డి, దూరంగా రన్‌వే. నిజాం కాలంలో 1930లో కట్టిన ఎయిర్‌పోర్టు ఇది. తర్వాత చిన్న ఊళ్లకు విమానాలు నడిపిన ప్రభుత్వ సంస్థ వాయుదూత్ విమానాలు వచ్చేవి, ఎన్‌సీసీ పిల్లలు గ్లైడర్లు నేర్చుకునేవాళ్లు. "విమానం మోత ఇనబడ్తే పొలం ఇడిచిపెట్టి ఉరికొచ్చేటోళ్లం అల్లుడా, దిగేదాక కన్ను మలపకపోదుము" అన్నాడు మామ.

ఈ ఎయిర్‌పోర్టును మళ్లీ నడిపించడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఉన్న 696 ఎకరాలకు తోడు మరో 253 ఎకరాలు కావాలన్నారు. కొత్త టెర్మినల్ రావాలి, నాకూ సంతోషమే. కానీ ఆ నక్షాలో ఒక మూల పాత రన్‌వే ముచ్చట చెప్పే చిన్న మ్యూజియానికి చోటు ఉంచాలని గట్టిగా కోరుకుంటున్నాను. సేవ ముగిసిన విమానం ఒక్కటి చాలు, కానీ దాని మీద కప్పు ఉండాలి. విశాఖలో ఉప్పుగాలి శత్రువైతే, ఇక్కడ మే నెల ఎండ, జులై వాన, పావురాలు. ఆకాశం కింద వదిలేసేటట్టయితే తేకపోవడమే మేలు.

మేం మాట్లాడుకుంటుంటే మావాడు గోడ పక్కన పెద్ద పెద్ద అంగలేస్తూ నడవడం మొదలుపెట్టాడు. అంగకో మీటరు లెక్క. మామను అక్కడే నిలబెట్టి తోక అన్నాడు. యాభై దాకా లెక్కపెట్టి ఆగి, వెనక్కి తిరిగి అరిచాడు.

"తాతా, ముందు రాయి అడ్డమున్నది. నువ్వే ఇంకో మూడు అంగలు ఎనుకకు జరుగు!"

మామ పంచె ఎగ్గట్టుకుని, లెక్క తప్పకుండా మూడు అంగలు వెనక్కి వేసి నిలబడ్డాడు.