హన్మకొండలో శుక్లం ఆపరేషన్ ప్యాకేజీలు: రేటు ఎక్కడ మారుతుంది?

హన్మకొండ ప్రైవేటు కంటి ఆసుపత్రుల ప్యాకేజీల్లో తేడా ఎక్కువగా లెన్స్‌దే. ఫేకోలో, అంటే శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి తీసే పద్ధతిలో, కోత 3 మిల్లీమీటర్లలోపు, మడతపడే లెన్స్ వేస్తారు. ఎస్ఐసీఎస్‌లో, అంటే ఆ మిషన్ లేకుండా చేత్తో శుక్లం తీసే పద్ధతిలో, కోత 6-7 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, ఖర్చు తక్కువ. ఒకే దూరానికి సరిపడే మామూలు మోనోఫోకల్ లెన్స్ వేస్తే దూరం బాగానే కనబడుతుంది, పేపరు చదవడానికి మాత్రం అద్దాలు కావాలి. దూరం, దగ్గర రెండూ చూపించే మల్టీఫోకల్ బాగా ఖరీదు. పైగా రాత్రిపూట లైట్ల చుట్టూ వలయాలు కనబడొచ్చు. రాత్రిళ్లు బండి నడిపేవాళ్లకు మా లెక్కన అది దండగే.

ఏ-స్కాన్ (లెన్స్ పవర్ లెక్కకు కంటి పొడవు కొలిచే పరీక్ష), షుగర్ పరీక్ష, చుక్కల మందులు, తర్వాతి చెకప్‌లు ప్యాకేజీలో కలిపారో లేదో కౌంటర్లోనే రాయించుకోండి, బిల్లు పెరిగేది అక్కడే. లెన్స్ డబ్బా మీది స్టిక్కర్‌ను, అంటే కంపెనీ, పవర్, సీరియల్ నంబరు ఉన్నదాన్ని, డిశ్చార్జ్ కాగితానికి అతికించమనండి. ఇన్సూరెన్స్ ఉంటే శుక్లానికి విడిగా పరిమితి ఉందేమో ముందే చూసుకోవాలి. డబ్బుకు ఇబ్బందయితే వరంగల్‌లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉండనే ఉంది.