బ్యాకప్ రిపోర్టులో వార్నింగులు: ఆపేయాలా, అన్నీ చదవాలా, ఏరి తీసేయాలా?

రాత్రి బ్యాకప్ నడిచి పొద్దున్నే వచ్చే మెయిల్‌లో వార్నింగులు కనబడితే మిర్యాలగూడ మిల్లుల్లో, నల్లగొండ షాపుల్లో లెక్కలు చూసేవాళ్లకు టెన్షన్. దారులు మూడున్నాయి: ఫెయిలైతేనే మెయిల్ వచ్చేలా పెట్టుకోవడం, వచ్చినవన్నీ రోజూ చదవడం, లేదా భయం లేనివాటిని తేల్చుకుని వాటిని మాత్రమే తీసేయడం. నా ఓటు మూడోదానికే.

మొదటిది హాయిగానే ఉంటుంది, కానీ కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోయిన రాత్రి బ్యాకప్ నడవదు, మెయిలూ రాదు, మనం అంతా బాగుందనుకుంటాం. ఇక రెండోది ఎక్కువ రోజులు సాగదు. అవే లైన్లు రోజూ వస్తుంటే ఎవరు చదువుతారు, అసలు ఎర్రర్ వచ్చిన రోజు కూడా మెయిల్ తెరవకుండానే పోతుంది.

మూడోదానికి ముందు ఎగ్జిట్ కోడ్, అంటే పని ముగిశాక ప్రోగ్రామ్ ఇచ్చే నంబరు, చూడాలి. లినక్స్‌లో ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ 24 ఇస్తే, జాబితా తీసుకున్నాక కాపీ చేసేలోపే ఏదో ఫైల్ మాయమైందని అర్థం, అది టెంపరరీ ఫైలైతే వదిలేయొచ్చు. 23 వస్తే మాత్రం కొన్ని ఫైళ్లో, వాటి పర్మిషన్ల లాంటి వివరాలో కాపీ కానట్టే, వెతకాల్సిందే. విండోస్‌లో ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీ 1 ఇచ్చిందని చాలామంది కంగారు పడతారు గానీ, ఫైళ్లు బాగానే కాపీ అయ్యాయని చెప్పే కోడ్ అది. 8 గానీ ఆపైన గానీ వస్తేనే ఫెయిల్యూర్.

కోడ్ ఒక్కటే చూస్తే సరిపోదు, ఏ ఫైల్ మీద వచ్చిందో కూడా చూడాలి, నేను గట్టిగా చెప్పేది ఇదే. ఫైళ్లన్నిటినీ ఒకే ఫైల్‌గా కట్టే టార్‌లో 'ఫైల్ చేంజ్డ్ యాజ్ వి రెడ్ ఇట్' (చదువుతుండగానే ఫైల్ మారింది) అని లాగ్ ఫైల్ మీద వస్తే ఏమీ కాదు. అదే మాట లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ డేటా ఫోల్డర్ మీద వస్తే? వడ్లు దిగే సీజన్‌లో రాత్రి పొద్దుపోయేదాకా కాంటా దగ్గర బిల్లులు కొడుతూనే ఉంటారు, టాలీ తెరిచే ఉంటుంది, అప్పుడు తీసిన కాపీలో సగం పాత లెక్క, సగం కొత్త లెక్క కలిసిపోయి రేపు తెరిస్తే తెరుచుకోకపోవచ్చు. ఆ వార్నింగును తీసేయకండి, బ్యాకప్ టైమే మార్చండి, లేదా టాలీలోనే ఉన్న బ్యాకప్‌తో ముందు కాపీ తీసి దాన్ని భద్రపరచండి.

మరి తీసేయాల్సినవి ఏవి? వర్డ్, ఎక్సెల్ తెరిచి ఉన్నప్పుడు టిల్డా, డాలర్ గుర్తులతో మొదలయ్యే లాక్ ఫైళ్లు, బ్రౌజర్ క్యాష్, టెంప్ ఫోల్డర్. వీటిని బ్యాకప్ జాబితాలోంచే మినహాయిస్తే వార్నింగు పుట్టనే పుట్టదు. అంతేగానీ లినక్స్‌లో టైముకు పనులు నడిపే క్రాన్‌లో ఎర్రర్ అవుట్‌పుట్ మొత్తాన్ని డెవ్‌నల్‌కు (ఏది పంపినా మాయమయ్యే చోటికి) పంపేయడం నాకు అస్సలు నచ్చదు, మంచీ చెడూ కలిపి పారబోసినట్టే.

బ్యాకప్ సరిగ్గా అయిన రోజు కూడా తేదీ, సైజుతో ఒక్క లైన్ మెయిల్ రానివ్వండి. అది రాని పొద్దున, లేదా సైజు ఉన్నట్టుండి పడిపోయిన పొద్దున, బిల్లులు మొదలుపెట్టకముందే సిస్టమ్ చూడండి. నెలకోసారైనా ఒక కంపెనీ డేటాను వేరే ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేసి, టాలీలో తెరిచి, చివరి బిల్లు నంబరు సరిపోయిందో లేదో చూసుకోండి.